ఊరు కదల్లేదు, జిల్లా మాత్రం మారింది

సంపాదకుడు గారికి,

కందుకూరును నెల్లూరు నుంచి తీసి మళ్ళీ ప్రకాశం జిల్లాలో కలిపినందుకు జరిగిన సంబరాల ఫొటో పోయిన వారం మీ జిల్లా పేజీలో చూశాను. ఫ్లెక్సీకి పాలాభిషేకం, పక్కన టపాకాయలు, పైన 'నెరవేరిన కల' అని హెడ్డింగు. పాలు పోస్తున్నవాళ్లలో ఇద్దరిని గుర్తుపట్టాను. 2022 ఏప్రిల్‌లో మమ్మల్ని నెల్లూరులో కలిపినప్పుడు కూడా పాలు పోసింది వాళ్లే. వెంటనే రాద్దామనుకున్నాను గానీ, కోపం కాస్త తగ్గాక రాయమని ఇంట్లో వాళ్లు ఆపారు. తగ్గలేదు.

నేను పుట్టింది నెల్లూరు జిల్లాలో. ఆరో తరగతిలో ఉండగా, 1970 ఫిబ్రవరిలో, మా కందుకూరుతో పాటు కనిగిరి, పొదిలి, దర్శిని నెల్లూరు నుంచి తీసి, గుంటూరు నుంచి ఒంగోలు వైపు, కర్నూలు నుంచి మార్కాపురం వైపు కలిపి ఒంగోలు జిల్లా చేశారు. 1972లో దానికి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. యాభై ఏళ్లు ఆ పేరే రాసుకున్నాం. 2022లో పొట్టి శ్రీరాములు గారి జిల్లాకు పంపారు. 2025 డిసెంబరు 31 నుంచి మళ్ళీ పంతులు గారి దగ్గరికి తెచ్చారు. ఇద్దరూ మహానుభావులే, ఎవరి పేరు కింద ఉన్నా మాకు అభ్యంతరం లేదు. ఒంగోలులో కలపడం తప్పని కూడా నేననను. అసలు అక్కణ్ణుంచి ఎందుకు తీశారన్నదే నా ప్రశ్న.

2022లో పార్లమెంటు నియోజకవర్గమే జిల్లా అన్నారు. సంతనూతలపాడు బాపట్ల పార్లమెంటు కిందిది, అయినా ఒంగోలు పక్కనే ఉందని ప్రకాశంలో ఉంచారు. సర్వేపల్లి తిరుపతి పార్లమెంటు కిందిది, నెల్లూరును ఆనుకుని ఉందని అక్కడే ఉంచారు. మంచి పనే. ఒంగోలుకు నలభై అయిదు కిలోమీటర్ల దూరంలో ఉన్న కందుకూరును, వంద పైచిలుకు దూరంలో ఉన్న నెల్లూరుకు తోసేటప్పుడు ఆ ఇంగితం ఏమైంది?

తోసినవాళ్లు పూర్తిగానైనా తోశారా? కలెక్టరు నెల్లూరులో, జిల్లా పరిషత్తు ఒంగోలులో. మా జడ్పీటీసీలు మీటింగుకు ఉత్తరంగా పోవాల్సి వచ్చేది, మేము అర్జీలు పట్టుకుని దక్షిణంగా పోవాల్సి వచ్చేది. 2025లో మెగా డీఎస్సీ కూడా పాత జిల్లాల లెక్కనే పెట్టారు. అంటే టీచరు ఉద్యోగానికి మా పిల్లలు ప్రకాశం వాళ్లు, అర్జీలకు మాత్రం నెల్లూరు వాళ్లు. రెంటికీ చెడ్డ రేవడి అంటే చిన్నప్పుడు అర్థం కాలేదు, ఇప్పుడు బాగా అర్థమైంది.

నా సొంత గోడు కూడా చెప్పుకుంటాను. భూముల రీసర్వే తర్వాత ఇచ్చిన పాస్‌బుక్‌లో నా పొలం రెండెకరాల నలభై సెంట్లు కాస్తా రెండెకరాల నాలుగు సెంట్లయింది. 'సున్నా అటుది ఇటు పడింది, అంతే' అన్నారు. ఆ 'అంతే' విలువ ముప్ఫై ఆరు సెంట్లు. సరిచేయించుకుందామని తెల్లవారుజామున బస్సెక్కి నెల్లూరు పోతే, అక్కడొక ఆఫీసులో (పేరెందుకు లెండి) 'పాత రికార్డు ఒంగోలు నుంచి రాలేదు అయ్యవారూ' అన్నారు. ఒంగోలు పోతే 'మీరిప్పుడు మా జిల్లా కాదు గదండీ' అన్నారు. మా మాలకొండ నరసింహస్వామి వారంలో ఒక్క శనివారమే తలుపు తీస్తాడు, అయినా పోయినవాడికి దర్శనం ఇస్తాడు. సోమవారం అర్జీల వరసలో నాకు దొరికింది నంబరు చీటీలే, ఏడు పోగయ్యాయి. ఈలోగా పాస్‌బుక్కుల మీద అప్పటి ముఖ్యమంత్రి బొమ్మ తీసేసి రాజముద్ర వేశారు. నాకూ కొత్తది ఇచ్చారు. అట్ట మారింది, లోపల రెండెకరాల నాలుగు సెంట్లు అలాగే ఉంది.

ఇప్పుడు ఆ ఫైలు మళ్ళీ మూట కట్టించుకుని ఒంగోలు బయలుదేరిందో, ఏ బీరువాలో ఉండిపోయిందో చెప్పే నాథుడు లేడు. జనగణన వస్తోంది, డిసెంబరు 31 దాటితే సరిహద్దులు ముట్టుకోకూడదు, అందుకే ఇంత హడావుడి. ముందు నెల రోజులు అభ్యంతరాలు చెప్పమంటే నేనూ రాసిచ్చాను. 'రికార్డులు సర్దిన తర్వాత మార్చండి' అని ఒకటే వాక్యం. రసీదు ఇచ్చారు. నంబరు చీటీల పక్కనే పెట్టుకున్నాను.

టీ కొట్టు దగ్గర ఇంకో చర్చ. ఒంగోలు వాళ్లు రమ్మంటున్నది, నెల్లూరు వాళ్లు వదిలేది లేదంటున్నది మమ్మల్నా, గుడ్లూరు మండలంలో ఉన్న రామాయపట్నం పోర్టునా అని. ఆ పోర్టుకు 2019 జనవరిలో ఒక ముఖ్యమంత్రి, 2022 జులైలో ఇంకో ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు. ఒకే బిడ్డకు రెండుసార్లు బారసాల. అంతటి గారాల బిడ్డ ఎవరి ఒడిలో ఉంటే వాళ్లకు ముద్దే గదా.

మార్కాపురం జిల్లా అయినందుకు నాకు సంతోషమే. ఆ వైపు కొన్నాళ్లు పనిచేశాను, గిద్దలూరు నుంచి ఒంగోలు రావడమంటే ఏమిటో ఎరుగుదును. కానీ ఆ వైపుకు నీళ్లిచ్చే వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో రాయి వేశారు, 2024 మార్చిలో సొరంగాలను జాతికి అంకితం చేశారు, కృష్ణ నీళ్లు మాత్రం ఇంకా నల్లమల దాటి ఇవతలికి రాలేదు. ఫ్లోరైడు నీళ్లు తాగి కీళ్లు పట్టేసినవాడికి అర్జీ ఇచ్చే చోటు దగ్గరైంది, అంతవరకు మేలు.

మీ మీద కూడా ఒక ఫిర్యాదు ఉంది. 2022లో మా ఊరికి ప్రకాశం పేజీలు ఆపి నెల్లూరు పేజీలు పంపారు. సోమశిలలో ఎంత నీరుందో రోజూ చదివాం. నాతో కలిసి పనిచేసిన అయ్యవారు ఒకాయన టంగుటూరులో పోతే, ఒంగోలు పేజీలో ఫొటోతో సహా వేశారట. నాకు పెద్దకర్మ కూడా అయ్యాక తెలిసింది. ఇప్పుడు ఒంగోలు పేజీలు వస్తే, నెల్లూరులో కాపురం ఉంటున్న మా అమ్మాయికి ఈ ఉత్తరం కనబడదు. కాబట్టి వేసే పక్షంలో దయచేసి రెండు జిల్లాల పేజీల్లోనూ వేయగలరు.

ఇట్లు,
ఒక రిటైర్డు టీచరు,
వలేటివారిపాలెం మండలం (జిల్లా పేరు మీరే రాసుకోండి)