అప్‌డేట్లు ఆపేశాక తాళం ఎందుకు?

సంపాదకులకు,

మీ టెక్నాలజీ పేజీలో రౌటర్ల భద్రత మీద వచ్చిన వ్యాసం చదివాను. కంపెనీ అప్‌డేట్లు ఆపేసిన రౌటర్‌ని ఇంట్లో ఉంచుకోవద్దు, వెంటనే కొత్తది కొనుక్కోండి అని రాశారు. మొదటి మాటతో నాకు పేచీ లేదు. రెండోదానితోనే ఉంది.

నేను వృత్తిరీత్యా అకౌంటెంట్‌ని. సాయంత్రమైతే పాత రౌటర్లు విప్పుకుని కూర్చోవడం నా పిచ్చి. లెక్కల పుస్తకంలో విలువ సున్నాకి దిగిపోయిన మిషన్లు ఏళ్ల తరబడి శుభ్రంగా పనిచేస్తూ ఉండటం మా వృత్తిలో రోజూ చూసేదే. రౌటర్ సంగతీ అంతే. నా దగ్గరికి "పోయింది" అంటూ వచ్చేవాటిలో చాలావాటికి పోయేది అడాప్టరో, లోపల ఉబ్బిన కెపాసిటరో. చిప్ బాగానే ఉంటుంది. వయసు మీరేది దాంట్లోని సాఫ్ట్‌వేర్. కంపెనీ మార్చుకోనిస్తే దాన్ని మార్చుకోవచ్చు. మార్చుకోనివ్వకుండా పెట్టే అడ్డునే నేను తాళం అంటున్నాను.

ఇదేమీ నిన్నా మొన్నా పుట్టిన ముచ్చట కాదు. 2002 చివర్లో లింక్‌సిస్ కంపెనీ డబ్ల్యూఆర్‌టీ54జీ అనే రౌటర్ తెచ్చింది. నీలం, నలుపు రంగుల డబ్బా, వెనకాల రెండు యాంటెనాలు. లోపల నడుస్తున్నది లైనక్స్ అనే, ఎవరైనా మార్చుకోగల ఆపరేటింగ్ సిస్టమ్ అని ఔత్సాహికులు పసిగట్టారు. లైనక్స్‌కి వర్తించే జీపీఎల్ లైసెన్సు ప్రకారం సోర్స్ కోడ్ (ప్రోగ్రాం మూలరూపం) బయటపెట్టాల్సిందేనని పట్టుబట్టారు. 2003లో కంపెనీ ఇచ్చింది. ఆ కోడ్ ఆధారంగా 2004లో మొదలైన ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత రౌటర్ సాఫ్ట్‌వేర్ ఈరోజుకీ వందలాది మోడళ్లలో నడుస్తోంది. 2005లో ఆ లింక్‌సిస్ రౌటర్ ఐదో వెర్షన్ వచ్చేసరికి, సాఫ్ట్‌వేర్ ఉండే ఫ్లాష్ మెమరీని 4 ఎంబీ నుంచి 2 ఎంబీకి, ర్యామ్‌ని 16 నుంచి 8కి కోసేసి, లైనక్స్ బదులు వీఎక్స్‌వర్క్స్ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్ పెట్టారు. అయితే పాత హార్డ్‌వేర్‌నే పేరు చివర 'ఎల్' తగిలించి, మార్చుకోవాలనుకునేవాళ్ల కోసం విడిగా అమ్మారు. ఆ 'ఎల్' మోడల్ ఏళ్ల తరబడి అమ్ముడుపోయింది.

ఇప్పుడు నా బల్ల మీద ఉన్న రౌటర్ సంగతి చెబుతాను. కంపెనీ పేరు అనవసరం. రబ్బరు కాళ్ల కింద దాచిన స్క్రూలు తీస్తే బోర్డు అంచున వరసగా నాలుగు చిన్న రంధ్రాలు కనిపిస్తాయి. రౌటర్ లోపలి మాటలు కంప్యూటర్‌లో చూసే దారి అదే. గ్రౌండ్, టీఎక్స్ (పంపేది), ఆర్ఎక్స్ (అందుకునేది), నాలుగోది కరెంటుది. నాలుగోదాన్ని ముట్టుకోకుండా మిగతా మూడింటికి వైర్లు సోల్డర్ చేసి, 3.3 వోల్టుల యూఎస్‌బీ సీరియల్ అడాప్టర్‌తో కంప్యూటర్‌కి కలపాలి. ఇక్కడ 5 వోల్టులది వాడితే చిప్ కాలిపోవచ్చు. స్పీడు 1,15,200 పెట్టి పవర్ ఇవ్వగానే స్క్రీన్ మీద అక్షరాలు జలజలా కిందికి దిగుతాయి. ర్యామ్ ఎంత, ఫ్లాష్ ఎంత, ఏ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ), అన్నీ అదే చెప్పేస్తుంది. నాకైతే ఈ అర నిమిషం కోసమే ఇదంతా చేస్తానేమో అనిపిస్తుంది. మామూలు రౌటర్ మధ్యలో ఒక్క క్షణం ఆగి, ఆపాలంటే ఏదో ఒక కీ నొక్కమంటుంది. ఈ మహాతల్లి ఆగదు. వేరే ఫర్మ్‌వేర్, అంటే రౌటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్, ఎక్కిస్తే కంపెనీ ముద్రలాంటి డిజిటల్ సంతకం సరిపోలేదని మొరాయిస్తుంది. 128 ఎంబీ ర్యామ్, రెండు కోర్ల ప్రాసెసర్, గిగాబిట్ పోర్టులు, అన్నీ భేషుగ్గా ఉన్నాయి. కంపెనీ దీనికి అప్‌డేట్లు ఆపేసి చాలా కాలమైంది. తాళం మాత్రం తీయలేదు.

దీనికి కంపెనీలు చెప్పే కారణాల్లో ఒకటి రేడియో నిబంధనలు. ఎవరు పడితే వాళ్లు వైఫై పవర్ పెంచేస్తే ఇతరులకు ఇబ్బంది అంటారు, అది నిజమే. కానీ అమెరికాలో రేడియో తరంగాల్ని నియంత్రించే ఎఫ్‌సీసీ 2016లో ఇదే గొడవ మీద రౌటర్ల కంపెనీ టీపీ-లింక్‌తో రాజీ కుదుర్చుకున్నప్పుడు 2 లక్షల డాలర్ల జరిమానాతో పాటు ఇంకో షరతు పెట్టింది: రేడియో హద్దులు దాటకుండానే బయటి ఫర్మ్‌వేర్ వేసుకునే మార్గం వెతకాలని. నియంత్రణ సంస్థకి లేని అభ్యంతరం కంపెనీలకు ఎందుకో మరి.

భద్రత కోసమే తాళం అనే మాట కూడా వింటుంటాం. 2018లో వీపీఎన్‌ఫిల్టర్ అనే మాల్‌వేర్ 54 దేశాల్లో కనీసం 5 లక్షల పరికరాల్లో చేరింది. అప్‌డేట్లు అందని డబ్బాలంటే ఇలాంటివాటికి అలుసు. ఇక నేను చూడను అని కంపెనీ చేతులు దులుపుకున్నాక, చూసుకునేవాళ్లని కూడా రానివ్వకపోవడం ఏ రకం భద్రత?

అలాగని అన్నిటినీ అటక మీంచి దించమని చెప్పను. 4 ఎంబీ ఫ్లాష్, 32 ఎంబీ ర్యామ్ ఉన్న పాతవాటిలో ఇప్పటి ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ పట్టదు. వాటి విషయంలో మీ వ్యాసమే కరెక్టు. సోల్డరింగ్ అందరూ చేయరన్నదీ ఒప్పుకుంటాను. చేయగలిగినవాళ్లు ఒక్కరు దగ్గర్లో ఉంటే పదిమంది రౌటర్లు బతుకుతాయి.

బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి, ఇంటర్నెట్‌కి కలిసే పరికరాలకు భద్రతా అప్‌డేట్లు కనీసం ఎప్పటిదాకా ఇస్తారో కంపెనీలు ముందే చెప్పాలి. మంచి చట్టమే, కానీ ఆ తేదీ తర్వాత ఏమిటన్నది అందులో లేదు. చివరి అప్‌డేట్‌లోనే బూట్‌లోడర్ (ఆన్ చేయగానే మొదట నడిచే ప్రోగ్రాం) తాళం తీసేయాలని కూడా రాసుంటే బాగుండేది.

చట్టాలు మీ చేతుల్లో లేవు, సమీక్షలు ఉన్నాయి. కొత్త రౌటర్ గురించి రాసేటప్పుడు యాంటెనాలు ఎన్ని, స్పీడెంత అన్నవాటి పక్కనే మూడు వివరాలు ఇవ్వండి: అప్‌డేట్లు ఏ సంవత్సరం దాకా, ఫ్లాష్, ర్యామ్ ఎంత, వేరే ఫర్మ్‌వేర్ ఎక్కించుకోనిస్తుందా లేదా. కంపెనీ జవాబు ఇవ్వకపోతే ఆ సంగతే వేయండి.

ఇట్లు,
మీ పత్రిక పాఠకుడైన ఒక అకౌంటెంట్