గోకు బడికి వెళ్లడమేంటండీ!

సంపాదకులు గారికి,

పోయిన ఆదివారం కాదు, అంతకు ముందు ఆదివారం మీ అనుబంధంలో సినిమా పేజీ అడుగున వేసిన బాక్సు గురించి ఈ ఉత్తరం. మధ్యలో మా మేనకోడలి ఓణీల ఫంక్షన్ వచ్చిపడింది గానీ, లేకపోతే ఆ సోమవారమే రాసేవాణ్ణి. కోపం చల్లారాక రాద్దాంలే అని కూడా అనుకున్నాను. చల్లారలేదు.

జపాన్ బొమ్మల కథల్ని మనుషులతో తీసిన సినిమాలు అని నాలుగు పేర్లు ఇచ్చారు. అందులో మొదటిదే 'డ్రాగన్‌బాల్ ఎవల్యూషన్'. దానికి 'ఘనవిజయం' అని ఒక మాట, 'పిల్లలతో కలిసి చూడదగ్గది' అని ఇంకో మాట. పైగా కథానాయకుడి పేరు గోకుల్ అట. గోకుల్ మా వీధి చివర జిరాక్స్ షాపు అబ్బాయండీ, వీడు గోకు.

మా వాడికి తొమ్మిదేళ్లు. ఆ బాక్సు కత్తిరించి ఫ్రిజ్ మీద అంటించాడు. నేను వద్దురా అంటే "పేపర్లో బాగుందని వేశారు నాన్నా" అన్నాడు. పేపర్ కంటే నాన్నకు ఎక్కువ తెలుసని చెప్పుకునే ధైర్యం ఏ నాన్నకుంటుంది? శనివారం మధ్యాహ్నం కూర్చున్నాం. సినిమా మొత్తం గంటా ఇరవై అయిదు నిమిషాలే, అదొక్కటే వాళ్లు చేసిన మేలు. పది నిమిషాలు గడిచాయో లేదో మా వాడు నా వైపు తిరిగి అడిగాడు, "గోకు బడికెందుకు వెళ్తున్నాడు?" నాకు జవాబు దొరకలేదు. మీ దగ్గర ఉంటే చెప్పండి.

తెలియనివాళ్లు ఎవరూ ఉండరనుకోండి, అయినా మీ డెస్కు వాళ్ల కోసం చెబుతాను. 'డ్రాగన్‌బాల్' అనే ఆ బొమ్మల కథలో గోకు అడవిలో తాత దగ్గర పెరిగిన తోక ఉన్న పిల్లాడు. బడి మొహం ఎరగడు, కారును మొదటిసారి చూసి అదేదో జంతువనుకుని కొట్టేస్తాడు. చేతిలో ఎంత కావాలంటే అంత సాగే కర్ర, ఎక్కి తిరగడానికి పసుపు మబ్బు. మనసులో మలినం ఉన్నవాణ్ణి ఆ మబ్బు మోయదు. చైనా వాళ్ల పాత కథలో కోతి రాజు సున్ వుకాంగ్ ఉన్నాడు కదా, ఆ పేరునే జపాన్ వాళ్లు పలికితే సోన్ గోకు. తోక, ఎగరడం, కొండల్ని ఎత్తే బలం, కల్మషం లేని మనసు... ఇవన్నీ చూసి మా నాయనమ్మ "వీడు మన ఆంజనేయుడేరా" అని టీవీలో హిందీలో వచ్చే ఆ కార్టూన్ ముందు కూర్చునేది. హిందీ ఒక్క ముక్క రాదు ఆవిడకి. మాకూ రాదు. నా హిందీలో సగం ఆ కార్టూన్ పెట్టిన భిక్షే, మిగతా సగం మాస్టారి బెత్తానిది.

సినిమాలో ఈ గోకుని ఏం చేశారంటే, అమెరికాలో హైస్కూలు చదివే కుర్రాణ్ణి చేశారు. తోటివాళ్లు ఏడిపిస్తుంటారు, చీచీ అనే అమ్మాయి వెనక పడుతుంటాడు, లోపలున్న శక్తినంతా కూడగట్టి ఆ అమ్మాయి లాకరు తలుపు తీసిపెడతాడు. కోరికలు తీర్చే ఏడు మాయ బంతుల కోసం లోకమంతా తిరిగిన వీరుడు లాకరు తీయడం! మబ్బు లేదు. క్రిలిన్ లేడు, అసలు లేడు, చిన్నప్పటి నుంచి పక్కనే ఉన్న స్నేహితుణ్ణి కథలోంచి తీసేసి అడ్రసు కూడా చెప్పలేదు. పౌర్ణమి నాడు కొండంత కోతి కావాల్సినవాడు మనిషి సైజులో ఏదో తోడేలులాగా తయారవుతాడు. తాబేలు గురువుగా చౌ యున్-ఫాట్‌ని పెట్టారు, అంత గొప్ప నటుడికి గడ్డమూ లేదు, బోడిగుండూ లేదు, ద్వీపంలో ఇల్లూ లేదు. విలన్ పికోలోకి తలమీద కొమ్ముల్లా ఉండే ఆ రెండూ కూడా మిగల్చలేదు.

నేను ఇది మొదటిసారి చూసింది 2009లోనే. డిగ్రీలో ఉన్నాను. సెలవులకి బాబాయి పిల్లలు కూడా వచ్చారు, ఏడుగురం కలిసి తలా ఇంత వేసుకుని డిస్కు అద్దెకి తెచ్చాం. చాపలు పరిచి, కిటికీకి దుప్పటి కట్టి, అటుకుల పళ్లెం మధ్యలో పెట్టుకుని కూర్చున్నాం. ఒక పావుగంటకి మా తమ్ముడు లేచి ప్లేయర్ దగ్గరికి వెళ్లి "అన్నా, షాపువాడు వేరే డిస్కు ఇచ్చాడు" అన్నాడు. నిజమేనేమోనని బయటికి తీసి చూశాం. స్కెచ్ పెన్నుతో 'డ్రాగన్' అని రాసే ఉంది. మళ్లీ లోపల పెట్టాం. ఆఖరికి అటుకులు అయిపోయాయి కాబట్టి లేచాం తప్ప సినిమా అయిపోయిందని కాదు.

ఇక మీ 'ఘనవిజయం' సంగతి. సుమారు 3 కోట్ల డాలర్లు పెట్టి తీశారట, లోకమంతా కలిపి వచ్చిన వసూళ్లు 5 కోట్ల పైచిలుకు. పెట్టినదాని కన్నా ఎక్కువే కదా అని మీవాళ్లు హిట్టు కట్టేసి ఉంటారు. మొత్తం టికెట్ల వసూలైన గ్రాస్‌కీ, హాళ్ల వాటా పోగా చేతికొచ్చే షేర్‌కీ తేడా మా ఊళ్లో కిళ్లీ కొట్టు కుర్రాడు కూడా చెబుతాడు, సినిమా పేజీ రాసేవాళ్లకి తెలియదంటే ఎలా? చివర్లో పేర్లు పడుతుంటే పికోలో ఇంకా బతికే ఉన్నాడని చూపించి రెండో భాగానికి దారి వేసుకున్నారు. అది ఈ రోజుకీ రాలేదు. ఆ సినిమాకి రాసిన బెన్ రామ్సే 2016లో అభిమానులకి క్షమాపణ చెప్పాడు. అభిమానిగా కాదు, పెద్ద డబ్బు వస్తుందని వ్యాపారిగా వెళ్లానని తానే ఒప్పుకున్నాడు. రాసినవాడే తప్పయిపోయిందంటుంటే మీరు సర్టిఫికెట్టు ఇస్తున్నారు!

అసలు ఆ కథ పుట్టించిన అకిరా తొరియామా మాటైనా విన్నారా అంటే, స్క్రిప్టు చూసి ఇది బాగాలేదు, ఇలా మార్చండి అని ఆయన చెప్పాడు, వాళ్లు చెవినెయ్యలేదు. ఆ ఉక్రోషంతోనే ఏమో, 2013లో వచ్చిన డ్రాగన్‌బాల్ బొమ్మల సినిమాలో ఆయనే మళ్లీ చెయ్యి పెట్టాడు. 1984 నుంచి 1995 దాకా వారం వారం గీసిన మనిషి, 42 సంపుటాలు. 2024 మార్చిలో పోయాడు. ఆ రోజుల్లో మీ పేపరు ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి వెతికాను.

కార్టూన్‌లో తప్పుల్లేవని కాదు. గ్రహం ఐదు నిమిషాల్లో పేలిపోతుందని ఫ్రీజా అనే విలన్ అంటాడు, ఆ ఐదు నిమిషాలు మాకు రెండు వారాల పైన నడిచాయి. అందులో మూడు రోజులు కరెంటు కోత. అయినా భరించాం, ఎందుకంటే తీసినవాడికి ఆ పిల్లాడంటే ప్రేమ ఉందని తెలిసేది.

మనుషులతో తీయడం కుదరదనీ అనను. 2023 ఆగస్టు ఆఖరున వచ్చిన 'వన్ పీస్' వెబ్ సిరీస్ చూడండి. కథ రాసిన ఎయిచిరో ఓడా ఒప్పుకునేదాకా విడుదల చెయ్యమని ముందే మాటిచ్చి తీశారు. మీ బాక్సులో దాని పేరే లేదు!

కథని ఇలా పాడుచేసే జబ్బు హాలీవుడ్ వాళ్లదే అనుకోకండి. జపాన్ నుంచి యుగో సాకో, మన రామ్‌మోహన్ కలిసి 1993లో రామాయణాన్ని బొమ్మల్లో ఎంత శ్రద్ధగా తీశారో 2025 జనవరిలో తెలుగులో థియేటర్లకి వచ్చినప్పుడు చూసినవాళ్లకి తెలుసు. మనవాళ్లు 2023లో మనుషుల్ని పెట్టి తీసిన రామాయణంలో హనుమంతుడి మాటలు విని జనం గగ్గోలు పెడితే విడుదలయ్యాక డైలాగులు మార్చుకున్నారు. మార్చిన డైలాగులతో చూడటానికి మళ్లీ టికెట్టు కొనాలా?

పిల్లలదేగా, ఏదో ఒకటి పడేద్దాం అనే తీరే ఇది. ప్రభుత్వాల వరస కూడా అంతే. హైదరాబాద్‌లో రెండేళ్లకోసారి బాలల చలనచిత్రోత్సవం జరిగేది, బంగారు ఏనుగు బహుమతి ఇచ్చేవారు. 2017లో 20వది జరిగింది. ఆ తర్వాత ఏనుగు నా కంటబడలేదు. అంత పెద్ద జంతువు కనపడకుండా పోతే అడిగే నాథుడు లేడు. పండగ నడిపే బాలల చిత్ర సమితిని 2022లో ఇంకో కార్పొరేషన్‌లో కలిపేశారు. నవంబరు 14న మాత్రం మంత్రుల ఫొటోలకి లోటుండదు, మీ పేపర్లో వాటికి పావు పేజీ.

సవరణ వేస్తారనే ఆశతో రాస్తున్నాను. వేస్తే మూలన చీమతలకాయంత అక్షరాల్లో కాకుండా సరిగ్గా ఆ బాక్సు కొలతలోనే వెయ్యండి. పాతది ఇంకా ఫ్రిజ్ మీదే ఉంది, దానిమీద అంటిస్తాడట మావాడు. గోకు పేరు చివర 'ల్' ఉండకూడదని ప్రత్యేకంగా రాయమన్నాడు.

ఇట్లు,
ఇరవై ఏళ్లుగా మీ చందాదారు,
తెనాలి