డైరెక్టరీ పుస్తకం పక్కన రెండు మిషన్లు ఉండాలి

ఎడిటర్ గారికి,

సర్వర్ అడ్మినిస్ట్రేషన్ నేర్చుకుంటున్న హనుమకొండ, కాజీపేట విద్యార్థుల కోసం ఈ ఉత్తరం. నెట్‌వర్క్‌లోని యూజర్లను, కంప్యూటర్లను ఒకేచోట నిర్వహించే మైక్రోసాఫ్ట్ వ్యవస్థ యాక్టివ్ డైరెక్టరీ. అందులో అలా ఒకే నిర్వహణ కింద ఉండే సముదాయం డొమైన్; డొమైన్లు కలిస్తే ట్రీ, ట్రీలు కలిస్తే ఫారెస్ట్. ఈ నిర్వచనాలు గడగడా అప్పజెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. క్లయింట్ (యూజర్ వాడే కంప్యూటర్) డొమైన్‌లో ఎందుకు చేరట్లేదంటే మాత్రం నీళ్లు నములుతారు. యాక్టివ్ డైరెక్టరీ మీద తొలిమెట్టు పుస్తకం ఏదైనా సరే, దాని పక్కన వర్చువల్‌బాక్స్‌లో (ఒకే కంప్యూటర్‌లో వర్చువల్ మిషన్లు నడిపే సాఫ్ట్‌వేర్) ఒక సర్వర్, ఒక క్లయింట్ నడుస్తుండాలి. సర్వర్‌కు 2 జీబీ ర్యామ్, విండోస్ 11కు 4 జీబీ. 8 జీబీ ల్యాప్‌టాప్‌లో ఇరుకే, 16 ఉంటే నిశ్చింత. మైక్రోసాఫ్ట్ విండోస్ సర్వర్‌ను 180 రోజుల ట్రయల్‌గా ఉచితంగానే ఇస్తుంది. క్లయింట్‌లో హోమ్ ఎడిషన్ వేయొద్దు, అది డొమైన్‌లో చేరదు.

ఎక్కువమంది ఆగిపోయేది పేరు చెబితే ఐపీ అడ్రస్ వెతికిపెట్టే డీఎన్ఎస్ దగ్గర. సర్వర్ ఐపీకి పింగ్ (అవతలి మిషన్ పలుకుతోందో లేదో చూసే పరీక్ష) వెళ్తుంది, డొమైన్ మాత్రం దొరకదంటుంది. క్లయింట్ డీఎన్ఎస్‌లో గూగుల్ పబ్లిక్ డీఎన్ఎస్ అయిన 8.8.8.8 ఉంటే అంతే మరి. డొమైన్‌ను నడిపే సర్వర్, అంటే డొమైన్ కంట్రోలర్, ఎక్కడుందో చెప్పే ఎస్ఆర్‌వీ రికార్డులు ఉండేది మన సర్వర్ డీఎన్ఎస్‌లో, గూగుల్ దగ్గర కాదు. సర్వర్‌కు స్టాటిక్ (మారని) ఐపీ ఇచ్చి, క్లయింట్‌లో డీఎన్ఎస్‌గా అదే ఐపీ పెట్టాలి. ఇంటర్నెట్ కావాలంటే సర్వర్ డీఎన్ఎస్‌లో ఫార్వార్డర్ (తనకు తెలియని పేర్లను బయటి డీఎన్ఎస్‌ను అడిగే ఏర్పాటు) పెడితే చాలు. రెండో డీఎన్ఎస్‌గా 8.8.8.8 ఉంచడం కూడా తప్పే, ఒకసారి పనిచేసి ఇంకోసారి పనిచేయక తల తినేస్తుంది.

సర్వర్, క్లయింట్ గడియారాలు 5 నిమిషాలకు మించి తేడా ఉంటే, డొమైన్‌లో యూజర్‌ను నిర్ధారించే కెర్బరోస్ మామూలుగా లాగిన్ ఒప్పుకోదు. వర్చువల్ మిషన్‌ను పాజ్ చేసి మర్నాడు లేపినప్పుడు ముందు టైమ్ చూడండి.

యూజర్లకు, కంప్యూటర్లకు సెట్టింగులు ఒకేచోటి నుంచి పంపే గ్రూప్ పాలసీ అనే పేరు చూసి దాన్ని గ్రూప్‌కు తగిలించాలనుకుంటారు. పాలసీని లింక్ చేసేది సైట్‌కు, డొమైన్‌కు, లేదా ఓయూకు (ఆర్గనైజేషనల్ యూనిట్, డొమైన్‌లో అకౌంట్లు పెట్టుకునే ఫోల్డర్ లాంటిది). గ్రూప్‌ను ఓయూలో పడేసినంత మాత్రాన అందులోని యూజర్లకు పాలసీ రాదు, యూజర్ అకౌంటే ఆ ఓయూలో ఉండాలి. వచ్చిందో లేదో 'జీపీరిజల్ట్ /ఆర్' కమాండ్ చెబుతుంది.

ప్రాక్టీస్ మిషన్లను కాలేజీ నెట్‌వర్క్‌కు బ్రిడ్జ్ చేయొద్దు, అంటే నేరుగా కలపొద్దు. సర్వర్‌లో డీహెచ్‌సీపీ (మిషన్లకు ఐపీలు తానే పంచే సర్వీస్) పెడితే పక్క ల్యాబ్‌కు తప్పుడు ఐపీలు పోతాయి.

పాత పుస్తకాల్లో కనిపించే, సర్వర్‌ను డొమైన్ కంట్రోలర్‌గా మార్చే 'డీసీప్రోమో' విజార్డ్ విండోస్ సర్వర్ 2012 నుంచి లేదు. ఇప్పుడు సర్వర్ మేనేజర్‌లో యాక్టివ్ డైరెక్టరీ రోల్ చేర్చి, ఆ తర్వాత సర్వర్‌ను డొమైన్ కంట్రోలర్‌గా ప్రమోట్ చేయాలి. మిగతా పాఠాలు పెద్దగా పాతబడలేదు కాబట్టి ఆ పుస్తకాలను పారేయనక్కర్లేదు. మన కాలేజీ లైబ్రరీలు వాటి పక్కన ఒక కొత్త ఎడిషన్ పెట్టి, సాయంత్రాలు ఒక ల్యాబ్‌లో నాలుగు 16 జీబీ సిస్టమ్‌లు తెరిచి ఉంచితే బాగుంటుంది.

— కొందరు సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్లు, హనుమకొండ