పాత ఆవిరి రైలింజన్ల సంరక్షణలో పౌరులకు చోటివ్వండి

సంపాదకుడు గారికి నమస్కారాలు.

మా నాన్నగారు నెల్లూరు జిల్లా బిట్రగుంటలోని లోకో షెడ్డులో (రైలింజన్ల షెడ్డులో) ఫైర్‌మన్‌గా, అంటే ఆవిరి ఇంజనుకు బొగ్గు వేసే మనిషిగా పనిచేశారు. డ్యూటీ దిగి వచ్చాక ఎంత తోమినా గోళ్ల సందుల్లో బొగ్గు నలుపు వదిలేది కాదు. అలాంటి చేతులను ఈ వేసవిలో బ్రిటన్‌లో మళ్లీ చూశాను.

బర్మింగ్‌హామ్‌లో ఉంటున్న మా అబ్బాయి కుటుంబంతో ఒక ఆదివారం వేల్స్ తీరంలోని టవిన్ అనే ఊరికి వెళ్లాం. అక్కడి నుంచి కొండల్లోకి దాదాపు 12 కిలోమీటర్లు సాగే టాలిలిన్ రైలు మార్గాన్ని 1865లో పలకరాయి మోయడానికి వేశారు. పట్టాల మధ్య ఎడం రెండు అడుగుల మూడు అంగుళాలే. పెట్టెలకు ఒకవైపే తలుపులు తెరుచుకుంటాయి. వంతెనల కింద రెండోవైపు చోటు చాలదు మరి!

1948లో బ్రిటన్ రైల్వేలను జాతీయం చేసినప్పుడు ఈ చిన్న లైనును ఎవరూ పట్టించుకోలేదు. అప్పటికే గని మూతపడింది. తాను బతికున్నంత కాలం బండి నడుపుతానన్న మాటను యజమాని సర్ హెన్రీ హేడన్ జోన్స్ నిలబెట్టుకున్నారు. 1950లో ఆయన చనిపోయాక, ఇంజనీరు టామ్ రోల్ట్, మరికొందరు బర్మింగ్‌హామ్‌లో సభ పెట్టి ఆ భారం తలకెత్తుకున్నారు. 1951 మేలో వాళ్లు బండి నడిపేనాటికి కదలగల ఇంజను ఒక్కటే ఉంది. పట్టాల కింద ఉండే చెక్క స్లీపర్లు పుచ్చిపోయి, పట్టాలను గడ్డే పట్టి ఉంచిందని చెబుతారు. స్వచ్ఛంద కార్యకర్తలు కాపాడుకున్న రైలు మార్గాల్లో ప్రపంచంలో ఇదే మొదటిది. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వంగా గుర్తించిన వేల్స్ పలకరాయి ప్రాంతంలో ఇదీ ఒక భాగం.

మా బండికి బొగ్గు వేసిన యువతి వారమంతా ఆసుపత్రిలో నర్సు. తీరిక దొరికితే ఇక్కడికి వస్తుంది, జీతం లేదు. మొదట ఇంజను తుడవడం, తర్వాత బొగ్గు వేయడం, పరీక్షలు గట్టెక్కాకే డ్రైవరు పని. దీనికి ఏళ్లు పడుతుందట. మంట ఎక్కడ పలచబడితే అక్కడికే పడేలా ఆమె పార విసురుతుంటే మా మనవడు నా చెయ్యి పట్టుకుని, "తాతయ్యా, మీ నాన్నగారు చేసింది ఈ పనేనా?" అన్నాడు. గొంతు పూడుకుపోయి తల మాత్రం ఊపాను.

మన దేశంలోనూ ఆవిరి బండి పూర్తిగా పోలేదు. తమిళనాడులోని నీలగిరి కొండ రైలు మార్గంలో మెట్టుపాళయం నుంచి కూనూరు దాకా ఆవిరి ఇంజన్లు ఎక్కుతున్నాయి. హరియాణాలోని రేవారి షెడ్డులో పాతవాటిని నడిచే స్థితిలో ఉంచారు. రైల్వే చేస్తున్న ఈ పనికి చేతులెత్తి మొక్కుతాను. కానీ మన తెలుగు ప్రాంతాల్లో స్టేషన్ల ముందు దిమ్మెల మీద నిలబెట్టిన ఇంజన్లకు ఎప్పుడో ఒకసారి రంగు పూస్తే సరిపోతుందా? వాటిని నడిపిన మనుషులు ఇంకా మన మధ్య ఉన్నారు. బ్రాడ్ గేజ్ (వెడల్పు పట్టాల) మార్గాలపై 1995లో ఆవిరి ఇంజన్లు ఆగిపోయాయి కాబట్టి వారిలో చాలామందికి అరవై దాటి ఉంటుంది. బాయిలర్ శబ్దాన్ని బట్టి లోపం పసిగట్టే విద్య పుస్తకంలో దొరకదు. వాళ్లతోనే పోతుంది.

రైల్వే అధికారులకు నా విన్నపం ఒక్కటే. ఆసక్తి ఉన్న పౌరులను, విశ్రాంత కార్మికులను స్వచ్ఛంద కార్యకర్తలుగా చేర్చుకోవడానికి ఒక పద్ధతి ఏర్పాటు చేయండి. శిక్షణ, బీమా, భద్రతా నియమాలు మీవే. రేపే రైలు నడపాలని అడగడం లేదు. ముందు ఒక్క ఇంజనును అప్పగించి, పాత ఫైర్‌మన్లను పిలిపించి, కుర్రవాళ్లకు నేర్పించనివ్వండి. బిట్రగుంటలోనే మొదలుపెడితే, తుడిచే గుడ్డ పట్టుకుని మొదటి రోజు నేనే వస్తాను.

ఇట్లు
విశ్రాంత ఉపాధ్యాయుడు, కావలి