నెల్రోజులు తిప్పారు, అడిగినదానికి మాత్రం జవాబు లేదు

కస్టమర్ కేర్ చూసే మేనేజర్ గారికి,

అయ్యా, నేను భీమవరం పక్కన ఉండి అనే ఊరి దగ్గర రొయ్యల చెరువులు చేసుకునే రైతుని. ఆరేళ్ళుగా మీ టార్చిలే కొంటున్నాను, ఇది మూడోది, నా మాట నమ్మి మా పక్క చెరువుల వాళ్ళు ఐదుగురు మీ టార్చే కొన్నారు. ఇదివరకు పంపిన నాలుగు మెయిళ్ళలోనూ ఇదే రాశాను, ఎవరూ చదివినట్టు లేదు, ఈసారన్నా చివరిదాకా చదవండి.

తెల్లారగట్ట మూడింటికి, చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోయే టైమది, కరెంటు పోయి, నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు ఆగిపోయాయి. జనరేటర్ వేద్దామని గట్టెమ్మట పరిగెడుతుంటే చేతిలో టార్చి ఒక్కసారిగా కాలిపోయింది, పట్టుకోలేక కింద పడేశాను. టార్చితో పాటు మీరే ఇచ్చిన బ్యాటరీ అది. చల్లారాక మూత తిప్పి చూస్తే పైన ఆకుపచ్చ తొడుగు ప్లస్ వైపు ముడుచుకుపోయి నల్లబడింది, ముక్కు మండే వాసన. పాములు తిరిగే గట్టు మీద ఫోన్ లైటుతో జనరేటర్ దాకా వెళ్ళాను. రొయ్యలు దక్కాయి. పోనీ, వస్తువన్నాక పాడవుద్ది, ఆ మాత్రం నాకూ తెలుసు.

కానీ ఆ తర్వాత మీరు తిప్పిన తిప్పుడుంది చూశారూ, అది మాత్రం మర్చిపోలేనండి. మొదటిసారి ఫోన్ చేస్తే తెలుగుకి నాలుగు నొక్కమన్నారు, నొక్కాను, నలభై నిమిషాలు మ్యూజిక్ విన్నాక హిందీ అబ్బాయి ఎత్తాడు. రెండోసారి ఒకమ్మాయి, మర్యాదగానే మాట్లాడింది, "సార్, ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేశారా" అంది. అమ్మా, బ్యాటరీ కాలిపోయింది అంటే మళ్ళీ అదే అడిగింది. మూడో అతను పార్శిల్ విప్పినప్పటి వీడియో ఉందా అన్నాడు. నాలుగో అతను బ్యాటరీ కొరియర్లో పంపమన్నాడు. భీమవరం పట్టుకెళ్తే, కాలిన లిథియం బ్యాటరీ విమానంలో వేయకూడదు, మేం తీసుకోం అని కొరియర్ వాళ్ళు మొహం మీదే చెప్పారు. ఆ మాట మీకు రాస్తే వారం తర్వాత మెసేజ్ వచ్చింది, వస్తువు అందలేదు కాబట్టి కంప్లైంట్ క్లోజ్ చేశాం, మా సేవకి ఎన్ని స్టార్లు ఇస్తారు అని. ఒళ్ళు మండిపోయిందండీ నాకు!

నేను ప్రతిసారీ అడిగింది ఒక్కటే. ఆ బ్యాటరీ సెల్ ఎవరు తయారుచేశారు, లోపల అది మరీ వేడెక్కకుండా, పాడవకుండా కాపాడే ప్రొటెక్షన్ సర్క్యూట్ ఉందా లేదా, టార్చి ఫుల్ లైట్లో పెడితే లాగే కరెంటుని ఆ సెల్ తట్టుకోగలదా. దాని మీద 9900 ఎంఏహెచ్ అని, అంటే అంత ఛార్జి పడుతుందని వేశారు. 18650 అనే ఈ సైజులో మంచి కంపెనీ సెల్ అయినా మామూలుగా 3500, 3600 దాటదని మా ఊరి మొబైల్ రిపేర్ కుర్రాడే చెప్పాడు, మీ దగ్గర అంతమంది ఉండి ఒక్కళ్ళూ చెప్పలేకపోయారు. అసలు సెల్ 45 గ్రాములకి అటూఇటూ ఉంటుందంటే బంగారం కొట్లో తూకం వేయించాను, మీది 31 గ్రాములు. సర్కారు వాళ్ళ నాణ్యతకిచ్చే బీఐఎస్ ముద్ర కోసం కళ్ళజోడు పెట్టుకుని వెతికాను, లేదు. ఇప్పుడు సర్క్యూట్ ఉన్న అసలు సెల్ వేరే చోట కొనుక్కున్నాను, అదేదో మీరే ఇచ్చుంటే ఈ గొడవే లేదు కదా.

డబ్బులు వెనక్కి ఇవ్వాలి, అది ఎలాగూ ఇవ్వాలి. కానీ ముందు ఆ ఐదుగురికి ఏం చెప్పమంటారు? రాత్రిళ్ళు వాళ్ళ పిల్లలు కూడా అదే టార్చి పట్టుకుని గట్ల మీద తిరుగుతున్నారు. వాడద్దని నేను చెప్పేశాను, మీరు చెప్పాల్సిన మాట నేను చెప్పుకుంటున్నాను. పది రోజుల్లో ఒక మనిషి, పేరూ నంబరూ ఉన్న మనిషి, నాకు ఫోన్ చేసి జవాబు చెప్పకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చేస్తాను, వినియోగదారుల కమిషన్‌కీ వెళ్తాను. తూకం చీటీ, మీ మెసేజ్‌లు అన్నీ దాచాను.

బ్యాటరీ ఇంకా నా దగ్గరే ఉంది. కాలవలో పారేయలేను, ఇంట్లో పెట్టుకోలేను, పాత పెయింట్ డబ్బాలో ఇసక పోసి అందులో పెట్టి మోటారు షెడ్డు వెనకాల ఉంచాను. కొరియర్ తీసుకోదు కాబట్టి మీ మనిషినే పంపించి పట్టుకెళ్ళండి.

ఇట్లు,
మీ టార్చి మూడుసార్లు కొన్న రైతు