షేల్ చమురుకు రెండు లెక్కలు

సంపాదకుడికి,

అమెరికాలో షేల్ చమురు, అంటే గట్టి రాతి పొరల్లో ఇరుక్కున్న చమురు, బ్యారెల్ 40 డాలర్లకే గిట్టుబాటవుతుందన్న మాట తరచూ వినిపిస్తోంది. అది పాత బావుల లెక్క. అమెరికా కేంద్ర బ్యాంకు శాఖ డల్లాస్ ఫెడరల్ రిజర్వ్ 2025 మార్చి సర్వేలో కంపెనీలు చెప్పిన సగటు చూడండి: ఉన్న బావి నడపడానికి 41 డాలర్లు, కొత్త బావి తవ్వి లాభం చూడాలంటే 65 డాలర్లు.

షేల్ బావి దిగుబడి మొదటి ఏడాదిలోనే సగానికి పైగా పడిపోతుంది. పెట్టుబడి తొలి రెండు మూడేళ్లలోనే తిరిగి రాకపోతే ఇక రానట్టే. టెక్సాస్, న్యూ మెక్సికోల్లో విస్తరించిన పెర్మియన్ చమురు క్షేత్రంలో రెండు మైళ్లు అడ్డంగా తొలవడం ఒక ఎత్తు, నీరు, ఇసుక పంపి రాయిని చీల్చడం మరో ఎత్తు. ఎక్కువ ఖర్చు చీల్చడానికే. అందుకే ధర పడితే బావి తవ్వి, చీల్చకుండా వదిలేస్తారు. బావులు మరీ దగ్గరగా వేస్తే కొత్త చీలికలు పాత బావి పీల్చేసిన చోటికే పోతాయి, రెండింటికీ నష్టం. చమురుతో పాటు అంతకు మూడు నాలుగు రెట్లు ఉప్పునీరు వస్తుంది. దాన్ని వదిలించుకోవడానికీ డబ్బే. వెంట వచ్చే గ్యాస్ ఆదుకుంటుందా అంటే, టెక్సాస్‌లోని వాహా గ్యాస్ వ్యాపార కేంద్రంలో 2024లో దాని ధర చాలా రోజులు సున్నా కిందకే పోయింది, అంటే అమ్మేవాళ్లే ఎదురు డబ్బిచ్చి వదిలించుకున్నారు!

గిట్టుబాటు ధర ప్రచురించేటప్పుడు అది ఏ బావిదో కూడా రాయగలరు.

- ఒక పాఠకుడు