విద్యార్థుల మ్యూజిక్ ఫెస్టివల్‌కు మీరు ఇచ్చిన సౌండ్ సిస్టమ్‌పై ఫిర్యాదు

మేనేజర్ గారికి,

నమస్కారం. మొన్న శనివారం జరిగిన మా విద్యార్థుల మ్యూజిక్ ఫెస్టివల్‌కు సౌండ్ సిస్టమ్ మీ దగ్గరే అద్దెకు తీసుకున్నాం. మెటల్, జాజ్, జానపదం, హిప్‌హాప్ కలిపి ఎనిమిది బ్యాండ్లు. అందరూ మా చుట్టుపక్కల కొత్తగా పైకొస్తున్నవాళ్లే. మూడు బ్యాండ్లకైతే అదే మొదటి స్టేజీ.

ఏ బ్యాండ్‌లో ఎవరు ఎక్కడ నిలబడతారో, ఎవరికి ఏ మైకు కావాలో గీసి, రాసి మూడు వారాల ముందే మెయిల్ చేశాను. "అన్నీ ఉన్నాయి, టెన్షన్ పడకండి" అని మీరే ఫోన్ చేసి చెప్పారు. తీరా వ్యాన్లోంచి సామాను దించి చూస్తే, మేం అడిగింది 24 చానెళ్ల మిక్సర్, వచ్చింది 16ది. కిక్, స్నేర్, హైహ్యాట్, రెండు టామ్‌లు, పైన రెండు మైకులు: డ్రమ్స్‌కే ఏడు చానెళ్లు పోయాయి. గిటార్ లాంటి వాటి సిగ్నల్‌ని గోల లేకుండా మిక్సర్‌కి చేర్చే డీఐ బాక్సులు ఆరు అడిగితే ఒక్కటి పంపారు. అకూస్టిక్ గిటార్‌ని పొడుగాటి జాక్ కేబుల్‌తో నేరుగా మిక్సర్ దాకా లాగితే దారి పొడుగునా ఉన్న గోలంతా అందులోకి వస్తుందని మీకు నేను చెప్పాలా? ఆ "గుయ్" మోత జాజ్ వాళ్లు వాయించినంతసేపూ వినిపించింది. మెటల్ వాళ్లకే కాస్త నయం, వాళ్ల హోరులో అది కలిసిపోయింది.

అన్నిటికన్నా బాధ పెట్టింది మానిటర్ల సంగతి, అంటే స్టేజీ మీదున్నవాళ్లకు తమ సౌండ్ తమకు వినపడేలా పెట్టే స్పీకర్ల సంగతి. ఆరు అడిగితే రెండే వచ్చాయి. రెండూ పాడేవాళ్ల ముందు పెడితే డ్రమ్మర్‌కి ఏమీ మిగల్లేదు. జానపదం బ్యాండ్‌లో పాడిన అమ్మాయి మొదటిసారి స్టేజీ ఎక్కింది. తన గొంతు తనకే వినపడక ఒక చెవి చేత్తో మూసుకుని పాడింది. వెనకున్న డ్రమ్మర్ స్టూల్ పక్కకి జరుపుకుని, ఆ అమ్మాయి పెదాలు చూస్తూ తాళం పట్టుకున్నాడు. మానిటర్ వాల్యూమ్ పెంచిన ప్రతిసారీ కీచుమని ఫీడ్‌బ్యాక్. జనం చెవులు మూసుకుంటే, తను పాడటం బాగాలేదేమో అనుకుంది ఆ పిల్ల.

నాలుగింటికి మొదలవ్వాల్సింది నాలుగూ నలభైకి మొదలైంది. ఉన్న చానెళ్లలోకే ప్రతి బ్యాండ్‌కీ కేబుళ్లు పీకి మళ్లీ పెట్టాలి కాబట్టి, మధ్యలో 15 నిమిషాలు అనుకున్నది 20 అయింది. పదింటికి సౌండ్ ఆపేయాలన్నది మాకిచ్చిన అనుమతిలోని షరతు. చివరి బ్యాండ్ పదికి ఐదు నిమిషాలుందనగా స్టేజీ ఎక్కి, ఒక్క పాట పాడి దిగిపోయింది. వాళ్లు ఆరు పాటలు ప్రాక్టీస్ చేసి వచ్చారు.

మీ ఆపరేటర్ మీద మాకు ఏ కోపమూ లేదు. ముందు రాత్రి ఇంకో ప్రోగ్రాం చేసి నిద్ర లేకుండా వచ్చాడు, అదీ ఒక్కడే. ఉన్నవాటితో చేయగలిగినంతా చేశాడు. కోపమల్లా, మధ్యలో ఫోన్ చేస్తే మీరన్న మాట మీద: "కాలేజీ పిల్లల ప్రోగ్రామే కదండీ, ఇది చాలు." అద్దె మాట్లాడుకున్నప్పుడు మాత్రం పిల్లల రేటు చెప్పలేదు మీరు.

మేం అడుగుతున్నది ఇదీ. ఒప్పుకున్న జాబితాలో రాని సామాను అద్దె లెక్కగట్టి, మేమివ్వాల్సిన బాకీలోంచి తీసేయండి. ఆ లెక్క కాగితం మీద వచ్చేదాకా బాకీ కట్టం. ఒక్కో చానెల్ విడివిడిగా రికార్డ్ చేసి ఇస్తామన్నారు, అది ఇంకా రాలేదు. ఎలా ఉన్నా సరే, ఉన్నదున్నట్టు ఈ వారంలో పంపండి. కొన్ని బ్యాండ్లకు తమ పాటల రికార్డింగ్ అదొక్కటే.

మీ మైక్ స్టాండ్లు రెండు, కేబుల్ చుట్ట ఒకటి స్టేజీ వెనక ఉండిపోయాయి. మా గదిలో భద్రంగా ఉన్నాయి, ఎవరినైనా పంపితే ఇచ్చేస్తాం.

ఇట్లు,
ఫెస్టివల్ కన్వీనర్,
విద్యార్థుల సాంస్కృతిక కమిటీ